వినబడాలంటే సౌండు పెంచడమేనా?



సాయంత్రమయ్యేసరికి మన ఇళ్లల్లో రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. "కాస్త సౌండు పెంచవే, ఒక్క ముక్కా తెలియడం లేదు" అని ముందుగదిలోంచి అత్తగారు. "అబ్బ, తగ్గించమ్మా, రేపు పరీక్ష" అని లోపలిగదిలోంచి పిల్లలు. మధ్యలో టీవీ రిమోటు పట్టుకుని ఇల్లాలు! ఈ పెంచడం, తగ్గించడం యంత్రమే తనంతట తాను చేసుకుంటే ఎంత బాగుండును అనిపిస్తుంది కదూ? అలాంటి ఏర్పాటు వుంది. కొత్తదీ కాదు, దాదాపు నూరేళ్ల నాటిది. అదెలా పనిచేస్తుంది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మనల్ని మోసం చేస్తుంది అన్నది ఈవేళ చెప్పుకుందాం.

ముందుగా అసలు "వినబడడం" అంటే ఏమిటో చూద్దాం. మన హైదరాబాదులో ఫలక్‌నుమా కొండ మీద ప్యాలెస్ వుంది కదా. పాయిగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దాని నిర్మాణం మొదలుపెట్టించారు. తర్వాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. అందులో 101 మంది ఒక్కసారే కూర్చుని భోంచెయ్యగల పొడుగాటి బల్ల వుంది. ఈ కొసన మెల్లగా మాట్లాడినా ఆ కొసన వినబడుతుందని ఆ భోజనశాలకు పేరు. మైకు లేదు, స్పీకరు లేదు. గట్టి గోడలూ కప్పూ వున్న గదిలో మాట బయటికి జారిపోకుండా వెనక్కి వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ మాటకు పోటీగా అక్కడ వేరే చప్పుడు లేదు.

ఇప్పుడు కొండ దిగి ఇంజన్‌బౌలి రోడ్డు మీదికి రండి. ఆటోలు, బస్సులు, హారన్లు. ఫలక్‌నుమా స్టేషనులోకి రైలు వచ్చేవేళ అయితే చెప్పనక్కర్లేదు. అక్కడ మెల్లగా మాట్లాడితే పక్కనున్న మనిషికి కూడా వినబడదు. మాట అదే, మనిషీ అదే. మారిందల్లా చుట్టూ వున్న చప్పుడు. కాబట్టి వినబడడం అనేది సౌండు ఎంత వుందన్న దానిమీద మాత్రమే ఆధారపడదు. చప్పుడు కంటే మాట ఎంత పైన వుందన్న దానిమీద ఆధారపడుతుంది.

దీనికో లెక్క వుంది. ధ్వనిని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. పిల్లలకూ, వినికిడి తగ్గిన పెద్దలకూ మాట తేటగా అందాలంటే చుట్టూ వున్న చప్పుడు కంటే అది 15 డెసిబెల్స్ దాకా ఎక్కువగా వుంటే మంచిది. వంటింట్లో మిక్సీ తిరుగుతూ వుంటే 80 డెసిబెల్స్ వుండవచ్చు. అప్పుడు టీవీ మాట తేటగా రావాలంటే 95 పెట్టాలన్నమాట! అది చెవికి చేటు. మిక్సీ ఆపితే రెండు నిమిషాల్లో పోయే బాధకు మనం టీవీని అరిపిస్తున్నాం.

ఇక యంత్రం సంగతి. పాత రోజుల్లో రాత్రిపూట దూరపు స్టేషను పెట్టుకున్నవాళ్లకు గుర్తుండే వుంటుంది. రేడియో సిలోన్‌లో పాట వస్తూ వస్తూ సన్నబడిపోయేది, మళ్లీ ఒక్కసారి హోరుమని పైకి లేచేది. ఆకాశంలో చాలా ఎత్తున వున్న ఒక పొర మీద తగిలి రేడియో తరంగాలు కిందికి వస్తాయి. ఆ పొర నిలకడగా వుండదు కనుక మనకు అందే బలం మారిపోతూ వుంటుంది. ఈ బాధ తీర్చడానికి 1925లో అమెరికాలో హరాల్డ్ వీలర్ అనే యువకుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. వచ్చే తరంగం ఎంత బలంగా వుందో రేడియోయే కొలుచుకుంటుంది. బలం పెరిగితే తన శక్తి తగ్గించుకుంటుంది, బలం తగ్గితే పెంచుకుంటుంది.

ఇది మనకు తెలియని విద్య కాదు. పాలు పొయ్యిమీద పెట్టి మనం చేసేది అదే. పొంగు వస్తుంటే మంట తగ్గిస్తాం, పొంగు దిగితే కాస్త పెంచుతాం. కన్ను పాలమీద, చెయ్యి స్టవ్ మీద. యంత్రంలో ఆ కన్నూ ఆ చెయ్యీ ఒకే తీగకు కట్టేసి వుంటాయి, అంతే తేడా.

అయితే వీలర్ ఉపాయం తరంగాల బలం చూస్తుంది గానీ, మీ గదిలో చప్పుడు చూడదు. దానికి రెండో రకం ఏర్పాటు వుంది. పెద్ద పెద్ద స్టేషన్లలో, విమానాశ్రయాల్లో పెట్టగల ప్రకటనల యంత్రం ఇది. హాలులో ఒక మైకు పెడతారు. జనం రద్దీ, రైలు హోరు ఎంత వుందో అది కొలిచి స్పీకరుకు చెబుతుంది. రైలు వచ్చినప్పుడు సౌండు పెరుగుతుంది, వెళ్లిపోగానే తగ్గుతుంది. కొన్ని కార్లలో కూడా వేగంతో పాటు పాట పెరగడం మీరు గమనించే వుంటారు.

ఇందులో ఒక చిక్కు వుంది. ఆ మైకుకు స్పీకరు మాట కూడా వినబడుతుంది కదా! "అమ్మో, హాలులో చప్పుడు ఎక్కువైంది" అనుకుని అది సౌండు పెంచమంటుంది. పెంచితే చప్పుడు ఇంకా ఎక్కువైందంటుంది. అలా ఎక్కడా ఆగదు. అందుకని ప్రకటనకూ ప్రకటనకూ మధ్య నిశ్శబ్దంలోనే కొలిచేలాగో, తన మాటను తాను లెక్కలోంచి తీసేసేలాగో తయారుచేస్తారు. ఎంత చప్పుడున్నా ఇంతకు మించి పెంచకూడదని పైన ఒక హద్దు కూడా పెడతారు.

మూడో రకం మన టీవీలోనే వుంటుంది. సీరియల్లో గుసగుసలు వినబడవు, ప్రకటన రాగానే ఇల్లు అదిరిపోతుంది. సెట్టింగుల్లో "సౌండు" అన్న చోట చూడండి. చాలా టీవీల్లో "ఆటో వాల్యూమ్" అనో, "నైట్ మోడ్" అనో వుంటుంది. అది మెల్లని మాటను పైకి లేపి, పెద్ద చప్పుడును కిందికి అదుముతుంది. ఈ ప్రకటనల గోల మనకొక్కరికే కాదు. కార్యక్రమం కంటే ప్రకటన గట్టిగా వుండకూడదని అమెరికాలో 2010లో ఏకంగా చట్టమే చేశారు.

అసలైన ఆటోమేటిక్ యంత్రం మాత్రం మన చెవే. చెవి లోపల మన శరీరంలోకెల్లా చిన్నదైన ఎముక వుంది, దానికొక చిన్న కండరం వుంది. పెద్ద చప్పుడు వచ్చినప్పుడు అది బిగుసుకుని ఆ ఎముక కదలికను తగ్గిస్తుంది. కానీ బిగియడానికి కాస్త వ్యవధి కావాలి. టపాకాయ పేలినప్పుడు ఆ వ్యవధి దొరకదు. అందుకే పేలుడు చప్పుళ్ల దగ్గర చంటిపిల్లలను వుంచకండి.

ఇప్పుడు అత్తగారి దగ్గరికి వద్దాం. వయసు మీదపడ్డ కొద్దీ చాలామందికి ముందుగా సన్నని ధ్వనులు తగ్గుతాయి. అచ్చుల బలం అలాగే వుంటుంది, హల్లులు జారిపోతాయి. పప్పు, తప్పు, కప్పు మూడూ ఒకేలా వినబడతాయి. "పప్పు అయింది అత్తయ్యా" అని కోడలంటే, "తప్పు అయిందా? ఏం తప్పు?" అని ఆవిడ. ఆవిడకు మాట వినబడుతూనే వుంది, తెలియడం లేదు. మనం గొంతు పెంచితే "ఎందుకే అలా అరుస్తావు, నేనేం చెవిటిదాన్నా" అని కోపం. ఆ కోపంలో న్యాయముంది. వినికిడి తగ్గిన చెవికి మెల్లని మాట అందదు, గట్టి మాట మాత్రం మామూలు చెవికంటే తొందరగా బాధపెడుతుంది. రెండింటి మధ్య ఇరుకైన సందు మిగులుతుంది. టీవీ సౌండు మొత్తం పెంచితే ఆ సందు దాటిపోతుంది.

ఇప్పటి వినికిడి యంత్రాలు చేసేది సరిగ్గా ఆ సందులో మాటను ఇమడ్చడం. మెల్లని మాటను బాగా పెంచుతాయి, గట్టి చప్పుడును అంతగా పెంచవు. అదీ ఆ మనిషి చెవి పరీక్షను బట్టి అమర్చాలి. ఎవరిదో తెచ్చి పెడితే కుదరదు. అందుకే కొని బీరువాలో పెట్టేసినవి ఎన్నో! కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి వుంది, సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం వుంది. ముందు పరీక్ష చేయించండి. ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలుసా? ఆవిడ అడగడం మానేస్తుంది. నలుగురూ నవ్వుకుంటుంటే తనూ ఊరికే నవ్వుతుంది. ఇంట్లోనే వుండి ఇంటికి దూరమవుతుంది. ఏ టీవీ బటనూ ఆవిడను వెనక్కి తీసుకురాలేదు.

పిల్లల సంగతి ఇంకో రకం. బస్సులో హోరు ఎక్కువని ఇయర్‌ఫోన్ సౌండు పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌తో వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్సే. మూడు డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడిపోతుంది. అంటే 83కు 20 గంటలు, 86కు 10 గంటలే. చాలా ఫోన్లలో ఇంతకు మించి పెరగకుండా హద్దు పెట్టే వీలుంది. అది పెట్టి ఇవ్వండి.

చివరగా ఒక్క మాట. చప్పుడులో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు. ఫ్యాను హోరుకు టీవీ పెంచుతాం, టీవీ మీద మనం గొంతు పెంచుతాం, మన గొంతులకు పక్కింటివారు వాళ్ల టీవీ పెంచుతారు. గోడకు గోడ ఆనుకున్న పాతబస్తీ గల్లీల్లో అయినా, కొత్త అపార్ట్‌మెంట్లలో అయినా ఇదే తంతు. ఒకరి మాట ఇంకొకరికి చప్పుడు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి వినబడనప్పుడు ముందు చెయ్యి కిటికీ తలుపు మీదికి పోనివ్వండి, తర్వాతే రిమోటు మీదికి. ప్రక్కన కుళాయి కట్టండి. పెద్దవాళ్ల కుర్చీ టీవీకి దగ్గరగా జరపండి. వాళ్లతో మాట్లాడేటప్పుడు వంటింట్లోంచి కేక వెయ్యకుండా ఎదురుగా వెళ్లి, మొహం చూస్తూ, నిదానంగా చెప్పండి. సగం మాట చెవికి, సగం కంటికి అందుతుంది.