టమాటాను నొక్కి చూచు విద్య

సంతలో పొద్దు క్రుంకువేళ టమాటా ధర సగమునకు దిగెనని వినగానే సంచి చేతబట్టి బయలుదేరెడి ఇల్లాలు, ఎంత త్వరపడినను, కాయను వ్రేలితో నొక్కి చూడక సంచిలో వేయదు. ఆమె భర్తయో (పదిమందిలో తెలివైనవాడే సుమండీ), డీమ్యాట్ ఖాతా తెరచి పట్టుమని పది దినములు కాకమునుపే, నిన్న 200 రూపాయలున్న షేరు నేడు 120కి వచ్చినదన్న ఒక్క కారణముచేత దానిని చవుక యని భ్రమించి కొనివేయును. పడుచున్న బజారులో అడుగిడిన క్రొత్తవాడు చేయు పొరపాట్లలో నాకు మిక్కిలి భయంకరముగా తోచునది ఇదియే. ధర తగ్గుట వేఱు, సరకు చవుకయగుట వేఱు.

బజారంతయు పడునపుడు మంచి కాయలును పుచ్చు కాయలతోపాటు ఒకే గుట్టలో పడియుండుననుట నిజమే. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్సు, 2009 మార్చి నాటికి 8,160కి దిగజారి, మరల 21,000 ముఖము చూచుటకు 2010 దీపావళి వరకు ఆగవలసివచ్చెను. కరోనా భయముచే 2020 మార్చి 23న ఒక్కనాటిలోనే 3,900 పాయింట్లకు పైగా, అనగా నూటికి 13 వంతుల విలువను పోగొట్టుకొన్న ఆ సూచీయే, సంవత్సరము తిరుగకమునుపే పాత శిఖరమును దాటిపోయెను.

ఇట్టి వేళ, సూచీలోని కంపెనీలన్నిటిని కొను ఇండెక్స్ ఫండులో నెలకు 6,000 రూపాయల చొప్పున వేయువాని లెక్క చూడుడు. యూనిట్ ధర మొదటి నెల 100, పిదప 75, ఆపైన 60 అయినచో, వానికి వరుసగా 60, 80, 100 యూనిట్లు, వెరసి 240 దక్కును. పెట్టినది 18,000, సగటున యూనిటు పడినది 75. ధర మరల నూరు చేరనక్కరలేదు, 75కి వచ్చిన చాలును, అసలు చేతబడును. ఇట్లు పడినకొలది కొని సగటు ధరను తగ్గించుకొనుటనే బజారువారు ‘యావరేజ్ చేయుట’ యందురు. అనేక కంపెనీల సమూహమైన సూచీ విషయమున చక్కని యుక్తియైన ఇదియే, ఒంటరి కంపెనీ విషయమున ఉరిత్రాడు కాగలదు. అప్పు తెచ్చి చేసినచో చెప్పనే అక్కరలేదు.

ఈ మాట హైదరాబాదు వారికి నేను చెప్పవలయునా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లేఖ వెలువడి, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని తేలినపుడు, ముందునాడు 179 వద్ద ముగిసిన షేరు ఆ సాయంత్రమునకు 40కి దిగెను. డిసెంబరులో పడనారంభించిన ఆ షేరును, మన ఊరి కంపెనీ కదాయని, పడినకొలది కొనుచువచ్చినవాని యావరేజ్ ఏమైయుండును! పద్దులే అబద్ధములైనపుడు నొక్కి చూచిన వ్రేలునకు తెలియునదేమి? సంచినంతయు ఒక్క గుట్టనుండి నింపరాదనుట ఇందుకే.

ఐనను ఆ పతనము ఒక మేలు చేసిపోయినది. ప్రమోటర్లు, అనగా కంపెనీని నెలకొల్పి నడుపువారు, తమ షేర్లను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకొన్నచో, ధర పడినకొలది ఋణదాతలు ఆ షేర్లను బజారున కుమ్మరింతురు. ధర ఇంకను పడును. సత్యం కంపెనీలో జరిగినదియు అదియే. ఆ జనవరిలోనే షేరు బజారు నియంత్రణ సంస్థయైన సెబీ, ప్రమోటర్లు ఈ తాకట్టును వెల్లడింపవలెనని శాసించెను. నేడు ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొట్టి, మూడు నెలలకొకమారు వెలువడు వాటాదారుల పట్టికను తెరచినచో, ప్రమోటర్ల వరుసలోనే ఆ అంకె కానవచ్చును. పైసా ఖర్చు లేదు; టమాటా ఏరుకొనునంత సేపైనను పట్టదు.