అన్ని పనులు వచ్చినవారికి ఏ పని?

మన యిండ్లలో నొక వింత కలదు. పెండ్లి వచ్చినప్పుడు వంటవాడు, మేళగాడు, పందిరి వేయువాడు వచ్చి యెవరి పని వారు చేసి, యెవరి ప్రతిఫలము వారు పుచ్చుకొని పోవుదురు. అన్ని పనులను కొంచెము కొంచెముగా నెఱిగిన యిల్లాలు మాత్రము, ఎవరు రాకపోయిన ఆ చోట నిలువవలసినదే. ఈ సంగతి నాకు బాగుగా దెలిసివచ్చినది వంటయింటిలో గాదు, కంప్యూటరు ఆటయొద్ద.

వేసవి సెలవులకు మా అన్నగారి అమ్మాయి మా యింటికి వచ్చినది. రాత్రి భోజనములైన పిమ్మట 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆట ఆడుచుండును. దేశదేశముల వారు ఇంటర్నెట్ మూలమున కల్పితలోకమొకటి చేరి, ఒక్కొక్క పాత్ర ధరించి, జట్టు కట్టి రాక్షసులతో పోరాడుదురట. ఒకనాటి రాత్రి ఆ పిల్ల కన్నీరు తుడుచుకొనుచు వచ్చి, "అత్తయ్యా, నాకు నాలుగు విద్యలు వచ్చునని చేర్చుకొన్నారు. ఇన్ని నెలలుగా ఒక్కటే చేయించుచున్నారు. అదియు నేను కోరినది కాదు" అనెను.

సోదరీమణులారా, ఆ పిల్ల దుఃఖము తెలియవలెనన్న ఆ యాట మర్మము కొంత తెలియవలెను. ఆటగాడు మొదట నొక క్లాసును, అనగా నొక వృత్తిని, ఎన్నుకొనవలెను. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించినప్పుడు యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అను మూడు వృత్తులే యుండెను. కంప్యూటరు ఆటలకు ఆ పద్ధతియే సంక్రమించినది. జట్టులో ట్యాంకు అనబడువాడు శత్రువు దెబ్బలను తనమీదికి ద్రిప్పుకొని తక్కినవారిని కాచును. హీలరు గాయములు మాన్పును. మిగిలినవారు శత్రువును గొట్టుదురు.

2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వెలువడినప్పుడు దానిలో 9 వృత్తులుండెను. మేజ్, రోగ్ అను వృత్తులవారికి శత్రువును గొట్టుటయే పని. మా పిల్ల యెన్నుకొన్న డ్రూయిడ్ అట్లు గాదు. ఎలుగుబంటియై దెబ్బలు కాయును, పిల్లియై చీల్చును, దూరమునుండి మంత్రము వేయును, గాయములును మాన్పును.

ఇచ్చట నిర్మాతలకు పెద్ద చిక్కు వచ్చును. సర్వవిద్యలు వచ్చినవాడు ప్రతి పనియందును నిపుణునితో సమానుడైనచో నిపుణుని నెవరు కోరుదురు? నిపుణునికన్న మిక్కిలి తక్కువవాడైనచో వాని నెవరు చేర్చుకొందురు? ఐదుగురి జట్టులో ఒకడు పడిపోయినప్పుడు వాని పని యందుకొనగలవాడు ప్రాణదాతయగును. నలుబదిమంది జట్టులోనో, ప్రతి పనికిని వేరొక నిపుణుడుండును గనుక సర్వవిద్యలును మూలబడును. ఆ యాట తొలినాళ్లలో నలుబదిమందితో గూడిన దండయాత్రలలో డ్రూయిడ్లను తఱచుగా గాయములు మాన్పుటకే నియమించెడివారు. బహువిద్యలవారు నిపుణులకన్న కొంచెము తక్కువగా గొట్టవలెనని నిర్మాతలే తలచుటచే, ఆటగాండ్రు దానికి 'హైబ్రిడ్ పన్ను' అని పేరు పెట్టిరి.

తరువాత మార్పులు వచ్చినవి. 2009 ఏప్రిల్‌లో, ఆటలోని నాణెములలో 1000 బంగారు కాసులు చెల్లించినవారికి రెండు శాఖలను సిద్ధముగా నుంచుకొని మార్చుకొను వీలు కల్పించిరి. 2016 నుండి పోరు లేని వేళ తన వృత్తిలోని యే శాఖకైనను మారవచ్చును.

'ఫైనల్ ఫాంటసీ 14' అను ఆటలో మఱియొక యుపాయము కలదు. 2013లో పునర్నిర్మితమైన ఆ యాటలో ఒక్క పాత్రయే అన్ని వృత్తులను నేర్వవచ్చును. చేతి యాయుధము మార్చిన వృత్తి మారును. కాని పోరులో నున్నంతసేపు ఒక్క వృత్తియే. ఎనిమిదిమంది జట్టులో సాధారణముగా ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు కొట్టువారు నుందురు. ఏ పనికి మనుష్యులు చాలకున్నారో ఆ పనికి వచ్చినవారికి అదనముగా బహుమానమిత్తురు. ఇది నాకు మిక్కిలి నచ్చినది. ఎవరును కోరని పనిని నెత్తిన రుద్దుటకన్న, దానికి విలువ గట్టుట న్యాయము గదా!

విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నలయై రాజపుత్రికకు నాట్యము నేర్పెను. గోగ్రహణవేళ గాండీవమందుకొనెను. నాట్యము వచ్చునన్న కారణమున గాండీవమును వాని కెవరును నిషేధింపలేదు. మా పిల్ల కోరినదియు ఇంతే.

"శాఖ మార్చుకొనుటకు ఆటలో వీలున్నది గదా, మఱి యేల మార్చుకొనవు?" అని యడిగితిని. "ఆటలో నున్నది, జట్టులో లేదు అత్తయ్యా. నీకు వచ్చును గదా, నీవే చేయుమందురు" అనెను.

ఆ మాట నన్ను దాకినది. ఆ పగలెల్ల నేనన్న మాటయు నదియే. మంచినీళ్లు తెమ్మన్నను, కూర తరుగుమన్నను, పాపను ఎత్తుకొమ్మన్నను ఆ పిల్లనే పిలిచితిని. ఏలయన దానికి వచ్చును. దానికంటె ఏడాది పెద్దవాడైన మా అబ్బాయిని పిలువలేదు. ఏలయన వానికి చదువొక్కటే వచ్చును. పని రాకపోవుట వానికి సెలవైనది. పని వచ్చుట దీనికి శిక్షయైనది. ఈ యాట నియమములను వ్రాసినది ఏ నిర్మాతయు గాదు, నేనే!

"ఈ వారము మాన్పెదను, వచ్చు వారము వేరొకరు మాన్పవలె నని చెప్పి చూడుము" అంటిని. అట్లే చెప్పినది. ఇద్దరు విసుగుకొనిరట, ఒకతె మాత్రము తాను నేర్చుకొందుననెను. మఱునాటి రాత్రి మా పిల్ల పిల్లి రూపమున పోరాడినది.

ఆ రాత్రి కంచములు తీసినది మా అబ్బాయి. ఒక గిన్నె సొట్టపడినది. నేర్చుకొనువారికి అదియు తప్పదు.