పేకబల్లకు వెలుపల

పేకాట యన్నంతనే మన యిండ్లలో పెద్దల కనుబొమలు ముడివడును. కుఱ్ఱవాడు చెడిపోయెనని నిశ్చయింతురు. ఆ భయమును మేము పరిహసింపము. పేకముక్కలకు పొలముపుట్ర లర్పించి వీధిపాలైన సంసారములను ఎఱుగని గ్రామము లేదు. అయినను బ్రిడ్జి నేర్చిన యువకునిపై తీర్పు చెప్పుటకు ముందు ఒక్క ప్రశ్న యడుగుట న్యాయము: పేకబల్ల విడిచి లేచిన పిదప అతడేమి చేయుచున్నాడు? ఈ ప్రశ్నకు ఈలీ కల్బర్ట్‌సన్ యౌవనము విచిత్రమైన సమాధానము చెప్పుచున్నది.

బ్రిడ్జి నెఱుగని పాఠకులకొఱకు రెండు మాటలు. ఆడువారు నలుగురు; ఎదురెదురుగా కూర్చున్న యిద్దరొక జట్టు. ఏబదిరెండు ముక్కలు తలకు పదుమూడు చొప్పున పంచిన తరువాత వేలము జరుగును. మా జట్టు ఇన్ని పట్టులు పట్టగలదని పాడుకొనుట, పాడుకొన్నంత పట్టి చూపుట, ఇదియే ఆట. భాగస్వామి చేతిలోని ముక్కలు కంటికి కనబడవు. కనుసైగ చేయరాదు, గొంతు మార్చరాదు. "ఒక ఇస్పేటు", "రెండు ఆఠీనులు" అను నియతమైన పలుకులతోడనే మనసులోని దానిని తెలుపవలెను. కావున ప్రతి పలుకును ఒక వాగ్దానము. నేటి కాంట్రాక్టు బ్రిడ్జికి లెక్కల పద్ధతి నేర్పరచినవాడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అను అమెరికా ధనికుడు. 1925లో పనామా కాలువమీదుగా సాగిన ఓడప్రయాణమున దానిని పరీక్షించెను. ఆయనకును పేకయొకటే లోకము కాదు. తెరచాప నావల పందెమున 1930, 1934, 1937 సంవత్సరములలో అమెరికా కప్పును నిలబెట్టిన నావికుడాతడు.

ఆ ఆటను ఇంటింటికి చేర్చిన కల్బర్ట్‌సన్ 1891లో రుమేనియా దేశమున జన్మించెను. తండ్రి అమెరికా దేశీయుడగు గనుల ఇంజనీరు. తల్లి రష్యాలోని కొసక్కు సేనాధిపతి కుమార్తె. ఇంట రెండు దేశముల వాడుక, వాకిట మూడవ దేశపు భాష! పారిస్, జెనీవా నగరములలో ఉన్నతవిద్య నభ్యసించెను గాని, అతని పాండిత్యమున పెక్కు భాగము స్వయంకృషివలన వచ్చినదే. రష్యన్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, చెక్కు, స్పానిషు, ఇటాలియను భాషలను ధారాళముగ మాటలాడెడివాడు. లాటిన్, గ్రీకు భాషలలో ప్రవేశము కలదు. ఇతరులు సీసాలను, తపాలాబిళ్లలను సేకరించినట్లు ఇతడు భాషలను సేకరించెను.

1940లో ప్రకటించిన ఆత్మకథయందు తన యౌవనస్మృతులను విస్తరించి వ్రాసికొన్నాడు. కలవారి బిడ్డడయ్యు జారు ప్రభుత్వమును ఎదిరించిన విప్లవకారులతో చేరుట, చెఱసాలపాలగుట, దేశాంతరములలో తిరుగుట, ఇవి యందలి ఘట్టములు. చదువరికి రోమాంచము కలుగును. అయితే వీనిలో చాలవానికి సాక్షి అతడొక్కడే. బ్రిడ్జి వేలమునందు చేతిలో లేని బలము నున్నట్లు పలికి ప్రత్యర్థిని తికమకపెట్టు ఎత్తుగడ యొకటి కలదు. ఆ విద్య యెఱిగినవాని స్వీయచరిత్రమును ఆ యెఱుకతోడనే చదువవలెను. గాథలలో కొంత తీసివేసినను, మిగిలినది తక్కువైనది కాదు.

1917 నాటి రష్యా విప్లవముతో కుటుంబపు ఆస్తి తుడిచిపెట్టుకొని పోయెను. విప్లవమును వలచిన యువకుని ఇంటిని ఆ విప్లవమే కూల్చుట విధివైపరీత్యము. కొన్నియేండ్లు పారిస్ మొదలగు నగరములలో పేకాట గెలుపులతో పొట్ట పోసికొని, 1921లో అమెరికా చేరెను. అచ్చటను మొదట అదే వృత్తి. ఈ భాగమును మేము మన యువకులకు ఆదర్శముగ చూపము. పందెపు సొమ్ముతో బ్రదికినవారిలో ఒకడు నిలిచిన, కూలినవారి లెక్క ఎవరును వ్రాయరు.

అతనిని నిలిపినది పందెము కాదు. 1923లో జోసెఫిన్ డిల్లన్‌ను వివాహమాడెను. ఆమె అప్పటికే బ్రిడ్జి బోధించుటలో పేరుపొందిన విదుషి. ఆటగాడు గురువైనది ఈ సాహచర్యముననే. 1929లో బ్రిడ్జి వరల్డ్ అను పత్రికను స్థాపించెను. మఱుసటి యేట వేలపు పద్ధతులను వివరించు గ్రంథమును వెలువరించెను. 1931 డిసెంబరు మొదలు 1932 జనవరి వఱకు న్యూయార్కులో సిడ్నీ లెంజ్ పక్షముతో నూటయేబది రబ్బర్లు ఆడి, 8,980 పాయింట్ల ఆధిక్యముతో గెలిచెను. ఆ లెంజ్ గారడీవిద్యలో ఆరితేరినవాడు. గెలిచిన పక్షమున భర్తకెదుట కూర్చుండి చాలభాగము ఆడినది జోసెఫినే యని మఱువరాదు.

ఇక యువకుని పూర్వరంగము ఆటకేమి యిచ్చినది? పలు భాషలు నేర్చినవానికి ఒక సత్యము తెలియును: శబ్దము స్వతస్సిద్ధముగ అర్థము నీయదు; ఇద్దరొప్పుకొన్నప్పుడే యిచ్చును. కల్బర్ట్‌సన్ వేలపు పలుకులకు సామాన్యుడు నేర్వదగిన వ్యాకరణమును కట్టెను. ఒక ఆసు ఒక పట్టు విలువ; ఒకే రంగులో రాజును రాణియు కలిసిన అదే విలువ; ఇట్లు బలమును గణించి, ఆ గణనకు తగిన మాట పలుకుట. ఇది భాషాభిమాని చేసిన పని యని మా యభిప్రాయము.

ఆ బుద్ధి బల్లకే పరిమితము కాలేదు. 1938 తరువాత పోటీలనుండి వైదొలగి, 1955లో మరణించువఱకు లోకశాంతికి ఉపాయములు చింతించెను. ప్రతి దేశపు సైనికబలమునకు మితి విధించి, అన్ని దేశములకు చెందిన ఉమ్మడి బలము నేర్పరచవలెనని 1943లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. లోకము దాని నంగీకరింపలేదు. పరస్పరము చేతిలోని ముక్కలు చూడలేని రాజ్యములు ఒప్పందములను ఎట్లు నమ్మవలెనను ప్రశ్న మాత్రము నేటికిని తీరలేదు.

మన ప్రాంతమునందే పుట్టిన యొక వ్యాజ్యెమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగ నేర్పునకు సంబంధించిన ఆటయని నిర్ణయించుచు, అందలి అదృష్టము బ్రిడ్జి పంపకములోని అదృష్టము వంటిదే యని పోల్చినది. ఆటను అడ్డుపెట్టుకొని లాభము గుంజువారి విషయము వేఱనియు సూచించినది. న్యాయస్థానము గీచిన ఈ గీతను ఇంటి పెద్దలును గీయవచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బాలుని చేతినుండి పేకను లాగికొనుటకు ముందు రెండవ చేతిలో నేమున్నదో చూడుడు. అందొక పుస్తకమున్నదా, ఒక భాషయున్నదా, ఊరి మేలునకు పనికివచ్చు తపన యున్నదా? ఉన్నచో వానికి ఆట వినోదము. ఆ చేయి వట్టిదైనచో తప్పు పేకది కాదు. దానిని నింపవలసినవారము మనమే.