ఇంటి మరమ్మతులు – ప్రభుత్వపు రాయితీలు

వానకాలము రాకముందే ఇంటికి మరమ్మతులు చేయించుట మన యాచారము. మేస్త్రీతో బేరమాడుటయు, సిమెంటు బస్తాలు లెక్కించుటయు, పనివాండ్రకు కాఫీ లందించుటయు పెక్కిండ్లలో గృహిణి పాలిటి పనులే. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వమునుండి తిరిగి రాగలదనియు, అందుకు కాగితము లెట్లుండవలయుననియు మాత్ర మామెతో జెప్పువా రరుదు. కావున నీ నెల మే మా సంగతి వ్రాయ దలచితిమి.

ముందుగా ఇంటి పైకప్పు మాట. 2024వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించిరి. డాబాపై సోలారు పలకలు అమర్చుకొనిన గృహస్థులకు ఒక కిలోవాటునకు రూ. 30,000, రెండింటికి రూ. 60,000, మూడుగాని అంతకు మించిగాని యైనచో రూ. 78,000 సబ్సిడీ నిర్ణయించిరి. ఆదాయపు పన్ను కట్టనివారు సయితము దీనికి అర్హులే. అయితే సొమ్ము ముందుగా రాదు. పథకపు పోర్టలులో దరఖాస్తు చేసి, నమోదైన వ్యాపారిచేతనే పని చేయించి, నెట్ మీటరు బిగింపించి, తనిఖీ ముగిసిన పిమ్మటనే అది బ్యాంకు ఖాతాలో జమ యగును. పలకలలోని సెల్లులు మన దేశమున తయారైనవై యుండవలయును. చౌక యని విదేశపు సరకు పెట్టించుకొన్నవారికి సబ్సిడీ లేదు.

మే మెరిగిన యొక సోదరి యింట నివి యన్నియు సరిగానే యుండెను. కరెంటు మీటరు మాత్రము గతించిన మామగారి పేర నుండెను. ఎనిమిదేండ్లుగా బిల్లు కట్టుచున్నను పేరు మార్పించవలయునని యెవరికిని తోచలేదు. భర్త తన పేర దరఖాస్తు పెట్టగా నది ముందుకు సాగలేదు. మరణ ధ్రువపత్రము, వారసుల పత్రము, వేరొక యూరనున్న మరిదిగారి సమ్మతి, ఇవి యన్నియు సమకూరుటకు నాలుగు నెలలు పట్టెను. వ్యాపారి కిచ్చిన బయానా అప్పు తెచ్చినది. దాని వడ్డీ యంతకాలమును నడచుచునే యుండెను. సోదరీమణులారా, ఈ నెల కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పు డందలి మొత్తమునకు ముందు పేరును జూడుడు.

ఇక ఆదాయపు పన్ను. కాపురముండు నింటికి మరమ్మతు చేయుటకై అప్పు తెచ్చినచో, ఆ వడ్డీలో ఏటికి రూ. 30,000 వఱకు ఆదాయమునుండి తీసివేయవచ్చును. తగ్గునది ఆదాయముగాని పన్ను గాదు. నూటికి ఇరువది చొప్పున పన్ను కట్టువారికి మిగులునది సుమా రారువేలు. అదియు పాత పన్ను పద్ధతిలో నున్నవారికే. క్రొత్త పద్ధతి నెన్నుకొన్నవారికి లేదు. ఈ యొక్క మినహాయింపునకై పాత పద్ధతి పట్టుకొని వ్రేలాడుట లాభము గాదని మా యభిప్రాయము. రెండు విధముల లెక్క వేసి చూచుకొనుట మేలు.

ఇల్లును అప్పును ఆలుమగల యిద్దరి పేరనుండి, ఇద్దరును వడ్డీ కట్టుచున్నచో, ఎవరి వాటా కొలది వారు వేర్వేరుగా రూ. 30,000 వఱకు చూపుకొనవచ్చును. ఉద్యోగము చేయు సోదరీమణులకు దీనివలన లాభము గలదు. పన్ను కట్టదగిన ఆదాయము లేని గృహిణికి పన్నులో నేమియు మిగులదు. కాని పత్రముపై పేరుండుట పన్ను లెక్కకంటె పెద్ద సంగతి.

అప్పు లేక చేతిసొమ్ముతో పని చేయించినవారికి ఆ యేడు పన్నులో తగ్గింపు లేదు. అయినను బిల్లులు పాఱవేయరాదు. ఇల్లమ్మునాడు, మేడపై వేసిన గది వంటి శాశ్వతమైన పనుల ఖర్చును ఇంటి ఖరీదులో కలుపుకొని, లాభముపై పన్ను తగ్గించుకొనవచ్చును. సున్నము వేయించుట వంటి చిల్లర మరమ్మతు లందులో చేరవు. ఈ దినములలో దుకాణములవా రిచ్చు నున్నని కాగితపు రసీదుల యక్షరములు కొన్నాళ్లకే వెలిసిపోవును గనుక, తెచ్చిననాడే వానికి నకళ్లు తీయించి ఇంటి పత్రములతో గూడ పెట్టెలో నుంచవలయును.