రాక్షస మిడతకు కొలతలు తీస్తే

1957లో వచ్చిన ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’ సినిమాలో ఏనుగంతేసి మిడతలు షికాగో నగరం మీద దండెత్తుతాయి. రేడియోధార్మికతతో పెంచిన పంట తిని అవి అంత పెరిగాయని కథ. దర్శకుడు బెర్ట్ ఐ. గోర్డన్ దగ్గర నగరానికి నమూనా కట్టించేంత డబ్బు లేదు. భవనాల ఫొటోలను పెద్దవి చేయించి, వాటి మీద బతికున్న మామూలు మిడతలను వదిలి కెమెరా తిప్పాడు. ఒకచోట భవనం ఎక్కుతున్న మిడత గోడ అంచు దాటి, పక్కనున్న ఖాళీ ఆకాశం మీద నిక్షేపంగా అడుగేస్తుంది. మిడతకేం, భవనమైనా ఆకాశమైనా కాగితమే!

గోర్డన్ ఈ దారి వదల్లేదు. 1958లో సాలీడును, 1976లో ఎలుకలనూ కోళ్ళనూ, 1977లో చీమలనూ పెంచి జనం మీదికి వదిలాడు. నూరేళ్ళు బతికి 2023లో కన్నుమూశాడు. ఆయనవేకాదు, ఈ కోవకు చెందిన చవక సినిమాల్లో చాలావాటి కిటుకు ఒక్కటే. చిన్న ప్రాణిని తీసుకుని, ఉన్నదున్నట్టు పెద్దది చేసి చూపడం. ప్రకృతి ఎన్నడూ చేయనిది సరిగ్గా అదే.

ఎందుకో 1638లోనే గెలీలియో రాసిపెట్టాడు. ఆకారం మారకుండా ఒక వస్తువు పొడవును పది రెట్లు చేస్తే దాని ఉపరితలం వంద రెట్లవుతుంది, బరువు మాత్రం వెయ్యి రెట్లవుతుంది. ఎముక బలం, కండరం బలం వాటి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటాయి. అంటే మోయాల్సిన బరువు వెయ్యి రెట్లయితే మోసే బలం వంద రెట్లే పెరుగుతుంది.

ఈ లెక్కను చీమకు కట్టి చూడవచ్చు. న్యూ మెక్సికో ఎడారిలో అణుపరీక్ష వల్ల పుట్టిన రాక్షస చీమల కథ ‘దెమ్!’ 1954లో వచ్చింది. అది మరీ చవక సినిమా కాదు, మంచి సినిమా కూడా. ఆ తర్వాత పుట్టిన పురుగుల సినిమాలకు మాత్రం అదే పెద్దక్క. అయిదు మిల్లీమీటర్ల పొడవు, అయిదు మిల్లీగ్రాముల బరువు ఉన్న చీమ రెండున్నర మీటర్లకు పెరిగిందనుకుందాం. పొడవు 500 రెట్లు. బలం రెండున్నర లక్షల రెట్లు. బరువు పన్నెండున్నర కోట్ల రెట్లు, అంటే 625 కిలోలు. బలానికీ బరువుకూ ఉన్న నిష్పత్తి 500వ వంతుకు పడిపోయింది. మామూలుగా తన బరువుకు యాభై రెట్లు ఎత్తగల చీమ ఇప్పుడు తన బరువులో పదోవంతు మాత్రమే ఎత్తగలదు. మనుషుల్ని తరమడం తర్వాత సంగతి, ముందు అది లేచి నిలబడలేదు.

నిలబడినా ఊపిరాడదు. కీటకాలకు మనలాంటి ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కన వరసగా ఉండే సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోయి, గొట్టాల వెంట నేరుగా కణాల దాకా చేరుతుంది. చిన్న ఒంట్లో ఈ ఏర్పాటు అద్భుతంగా పనిచేస్తుంది, దూరం పెరిగేకొద్దీ ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట మెగాన్యూరా అనే తూనీగ లాంటి కీటకం రెక్కలు చాస్తే 65 సెంటీమీటర్లకు పైనే ఉండేది. అప్పటి గాలిలో ఆక్సిజన్ ఇప్పటి 21 శాతం కన్నా బాగా ఎక్కువ, 30 శాతం పైమాటే అని అంచనా. ఈ రెంటికీ సంబంధం ఉందని చాలామంది శాస్త్రవేత్తలు నమ్ముతారు, వాదన ఇంకా తెగలేదు. తెగినా తెగకపోయినా, అంత ప్రాణవాయువులోనూ పెరిగింది ఏ డేగంతో తప్ప ఏనుగంత కాదు.

ఈ విషయాన్ని సామాన్య పాఠకులకు అందరికన్నా రుచిగా చెప్పినవాడు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ప్రతి ప్రాణికీ తనకు తగిన పరిమాణం ఒకటి ఉంటుందంటూ 1926లో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతారు. బ్రిటన్ వదిలి 1957లో భారతదేశానికి వచ్చిన హాల్డేన్ ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చదువు కోసం అప్పగించారు.

జీవశాస్త్రం సంగతి అటుంచితే, రాక్షసి నకిలీదని ప్రేక్షకుడి కన్ను ఎలా పసిగడుతుంది? మిడత నిజమైనదే, ఫొటో నిజమైనదే. కానీ కదలిక తప్పు. ఎత్తు నుంచి పడే వస్తువుకు పట్టే కాలం ఆ ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పదహారో వంతు సైజులో కట్టిన బొమ్మ గోడ, నిజం గోడ కన్నా నాలుగు రెట్లు త్వరగా నేలకూలుతుంది. అది పెద్దగోడలా కనిపించాలంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 ఫ్రేములు తీసి, మామూలు వేగంతో ప్రదర్శించాలి. దీనికి నాలుగు రెట్లు ఫిల్ము ఖర్చవుతుంది, దీపాల వెలుగూ ఎక్కువ కావాలి. డబ్బులేని నిర్మాత కోత పెట్టేది ఇలాంటి చోటే. అప్పుడు మేడంత ప్రాణి కాళ్ళు టకటకా ఆడిస్తుంది. భౌతికశాస్త్రం చదవని ప్రేక్షకుడు కూడా ఫక్కున నవ్వేస్తాడు.

అందరూ ఎక్కువగా నవ్వుకున్న సినిమాల్లో మరొకటి 1959 నాటి ‘ద కిల్లర్ ష్రూస్’. అమెరికాలోని టెక్సస్‌లో తీశారు. రాత్రిళ్ళు గోడవార కీచుమంటూ పరుగెత్తే చుంచు మనవాళ్ళకు తెలిసిందే. చూడటానికి ఎలుకలా ఉన్నా అది ఎలుక జాతి కాదు. ఆ కుటుంబానికి చెందిన ప్రాణులే ఇందులో తోడేలంత పెరిగి, ఒక దీవిలో చిక్కుకున్న మనుషుల్ని వేటాడతాయి. దర్శకుడు రే కెలాగ్ కుక్కలకు బొచ్చు తొడుగులూ కోరలూ తగిలించి పరుగెత్తించాడు. కొన్ని షాట్లలో తోక ఊపుతున్న కుక్క కుక్కలాగే కనిపిస్తుంది.

నవ్వు ఆపుకుని ఆలోచిస్తే, ఆ కుక్కలే ఈ సినిమాలన్నిటిలోకీ శాస్త్రానికి దగ్గరగా ఉన్నాయి. తోడేలంత ప్రాణికి చుంచు కాళ్ళు చాలవు, తోడేలు కాళ్ళే కావాలి. కథలోని విషపు కాటు కూడా పూర్తి కల్పన కాదు, ఉత్తర అమెరికాలోని ఒక రకం చుంచు లాలాజలంలో నిజంగానే విషం ఉంటుంది. లెక్క తప్పింది ఆకలి దగ్గర. చుంచు రోజుకు దాదాపు తనంత బరువు తిండి తింటుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది, అందుకే ఆ తిండియావ. శరీరం పెరిగితే కిలోకు కావాల్సిన తిండి తగ్గుతుంది. నాలుగైదు టన్నుల ఏనుగుకు రోజుకు 150 కిలోల మేత సరిపోతుంది, అది తన బరువులో మూడు నాలుగు శాతమే. తోడేలంత చుంచు ఆ దీవిలో ఒక పూట తిని హాయిగా పడుకునేది.

కుందేళ్ళదీ ఇదే కథ. 1972లో ‘నైట్ ఆఫ్ ది లీపస్’ అని ఒక సినిమా వచ్చింది. మూతికి ఎర్రరంగు పూసిన పెంపుడు కుందేళ్ళు బొమ్మ ఇళ్ళ మధ్య గంతులేస్తుంటే, అదే ఘోరమని నమ్మమంటారు. ‘సైకో’లో నటించిన జానెట్ లీ పాపం ఇందులోనూ ఉంది. నిజంగా పెద్ద కుందేలు ఎలా ఉండేదో మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవిలో దొరికిన శిలాజాలు చెబుతున్నాయి. 2011లో దానికి నురలాగస్ రెక్స్ అని పేరు పెట్టారు. బరువు పన్నెండు కిలోల దాకా ఉండొచ్చని అంచనా. వెన్ను బిగుసుకుపోయి, కాళ్ళు పొట్టివై, చెవులు చిన్నవై, అది గంతులు వేయడమే మానేసింది.

భారీ ఒళ్ళు నిజంగా చెల్లేది నీటిలో. అక్కడ బరువును నీరే మోస్తుంది కనుక తిమింగలం అంత పెరగగలిగింది. మెగలడాన్ అనే అంతరించిన షార్క్ పదిహేను మీటర్లు దాటి ఉంటుందని చాలామంది అంచనా. 1975లో ‘జాస్’ వచ్చాక చవక నిర్మాతలు కూడా నీటి వైపు మళ్ళడంలో తెలివి లేకపోలేదు. చిక్కల్లా షార్క్‌ను నీటిలోనే ఉంచలేకపోవడం. ద అసైలమ్ అనే సంస్థ 2009లో తీసిన ‘మెగా షార్క్ వర్సెస్ జెయింట్ ఆక్టోపస్’లో షార్క్ సముద్రంలోంచి ఎగిరి ప్రయాణికుల విమానాన్ని నోట కరుస్తుంది. విమానం తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, గాలి నిరోధాన్ని పూర్తిగా మాఫీ చేసినా, నీటిని వీడే క్షణంలో షార్క్ వేగం సెకనుకు 420 మీటర్లు ఉండాలి. అంటే గాలిలో ధ్వని కన్నా వేగం. మరుసటి ఏడాదే ఆ సంస్థ మెగా షార్క్‌ను మళ్ళీ తెచ్చి రాక్షస మొసలితో పోటీకి దింపింది.