ఎంత చెట్టుకి అంత రంపం

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ సర్వర్లూ, డేటాబేసులూ, క్లౌడూ అంటూ కంటికి కనబడని యంత్రాల గురించే చెప్పుకొచ్చాను. ఈసారి మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే తప్ప మాట వినని యంత్రం గురించి. దాని పేరు చెయిన్‌సా. గొలుసు రంపం అనుకోండి. "నీకూ రంపానికీ సంబంధం ఏమిటయ్యా?" అంటారేమో! నిజమే, 2024 సెప్టెంబరు దాకా నాకూ ఏ సంబంధమూ లేదు.

మేముండేది సౌత్ కరొలైనాలో, గ్రీన్‌విల్ దగ్గర. సముద్రానికి ఎంతో దూరం, మనకి తుఫానులేమిటిలే అనుకునేవాళ్ళం. సెప్టెంబరు 26 రాత్రి ఫ్లారిడాలో తీరం దాటిన హెలీన్ తుఫాను మర్నాడు ఉదయానికి జార్జియా మీదుగా మా నెత్తి మీదకొచ్చింది. ముందు రోజుల వానలకి నేల అప్పటికే నాని ఉంది. మహావృక్షాలు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు, ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం. ఐటీ వాడి బతుకు ఎంతలో ఉందో ఆ రోజు అర్థమయింది!

తెల్లారాక చూస్తే మా ఇంటి వరకూ మూడు నష్టాలు. ఒకటి, కారు బయటికి తీసే దారికి అడ్డంగా పడ్డ పైన్ చెట్టు. రెండు, పెరట్లో నిలువునా చీలిన బ్రాడ్‌ఫర్డ్ పేర్. వసంతంలో తెల్లగా విరగబూసి, గాలొస్తే చీలిపోయే రకం ఇది. అడవుల్లోకి కూడా పాకిపోతోందని మా రాష్ట్రం దీని అమ్మకాన్ని ఆ అక్టోబరు 1 నుంచి నిషేధించింది. మా చెట్టు నాలుగు రోజులు ముందే తీర్పు విన్నట్టుంది! మూడోది ఓక్ చెట్టు. పూర్తిగా పడలేదు. ఒరిగి, దాని పెద్ద కొమ్మ వీధి స్తంభం తీగల మీద వాలి ఉంది.

దారి తెరిచిన రోజు ఒక స్నేహితుడి కారెక్కి దుకాణానికి వెళ్ళాను. అరలో మిగిలినవి కొన్నే. వాటిలో 20 అంగుళాల పెట్రోలు రంపం తెచ్చాను. ఎందుకంటే అదే పెద్దది! నా క్లయింట్లు "ఉన్నవాటిలో పెద్ద సర్వర్ ఇచ్చెయ్యండి" అంటే నవ్వుకునేవాణ్ణి. నేను చేసిందీ అదే.

జానెడు దూరం

పైన్ మొదలు మీద పెట్టి పైనుంచి కోత మొదలెట్టాను. సగం దిగాక రంపం బిగుసుకుపోయింది. చెట్టుకి రెండు చివరలా ఆధారం ఉంది, మధ్య భాగం గాలిలో ఉంది. అలాంటి దుంగని పైనుంచి కోస్తే బరువుకి కిందికి కుంగి, కోసిన సందు మూసుకుపోతుంది. పక్కింటి పెద్దాయన ప్లాస్టిక్ మేకులిచ్చి సందులో కొట్టిస్తే గానీ రంపం బయటికి రాలేదు.

"సరే, ముందు కొమ్మలు తీసేద్దాం" అని ఒక కొమ్మ మీద పెట్టాను. ఆ కొమ్మ వెనకాల ఇంకో కొమ్మ ఉంది. రంపం పొడుగ్గా ఉంది కాబట్టి దాని కొస నాకు కనబడలేదు. కొస వెళ్ళి ఆ వెనక కొమ్మకి తగిలింది. అంతే! రెప్పపాటులో రంపం నా మొహం మీదకి లేచింది. బ్రేకు పడి గొలుసు ఆగింది. బద్ద నా నుదుటికి జానెడు దూరంలో ఉంది. నెత్తి మీద హెల్మెట్ కూడా లేదు.

మా నాన్నగారూ అమ్మా ఆ ఏడాది అనకాపల్లి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. నాన్నగారు విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పది రోజులు ఇంటిపట్టున లేరు. అంతసేపూ గుమ్మంలో నిలబడి చూసిన మనిషి అప్పుడు మాత్రం గట్టిగా అరిచారు.

"ముందు ఆ మిషను ఆపు!"

ఆపాను. దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఏరా, ఈ చెట్టు ఎంత లావుందో కొలిచేవా?"

కొలవలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి, టేపు తియ్యాలని తోచలేదు.

కొలత ఎలా?

మీరు నాలా చెయ్యకండి. దుంగ చుట్టూ టేపు తిప్పి, వచ్చిన అంకెని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. మా పైన్ చుట్టుకొలత 38 అంగుళాలు. అంటే అడ్డంగా 12. పేర్ కొమ్మలు 5, 6 అంగుళాలకి మించలేదు. ఓక్ చుట్టుకొలత 88, అంటే అడ్డంగా 28.

గొలుసు తిరిగే పొడుగాటి ఇనప బద్దని బార్ అంటారు. రంపం సైజు అంటే ఈ బార్ పొడవే. మామూలు లెక్క ఏమిటంటే, కొయ్యవలసిన దుంగ అడ్డుకొలత కన్నా బార్ కనీసం 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఈ లెక్కన మా పైన్‌కి 14 అంగుళాలు సరిపోయేది. నేను తెచ్చింది 20!

ఇంచుమించుగా ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. కొమ్మలు తియ్యడానికీ, 8, 10 అంగుళాల లోపు చెట్లకీ 10, 12 అంగుళాల బార్ చాలు. మనలాంటి ఇళ్ళవాళ్ళకి తుఫాను తరవాత పడే పనుల్లో ఎక్కువ భాగం 14, 16 అంగుళాలతో అయిపోతుంది. 18, 20 అంటే ఏటా కట్టెలు కొట్టుకునేవాళ్ళకి. ఆ పైవన్నీ అదే వృత్తిగా ఉన్నవాళ్ళకి.

పెద్దదైతే నష్టమేమిటి?

"పెద్దది ఉంటే చిన్న పనీ అవుతుందిగా?" అని నేనూ అనుకున్నాను. అవుతుంది, కానీ దానికి మూడు రకాలుగా మూల్యం చెల్లించాలి.

మొదటిది బరువు. 14, 16 అంగుళాల పెట్రోలు రంపాలకి ఇంజను 30 నుంచి 40 సీసీ దాకా ఉంటుంది. 20కి వచ్చేసరికి 50 సీసీ పైచిలుకు. ఒకప్పుడు మన ఊళ్ళలో ఇద్దర్ని ఎక్కించుకుని తిరిగిన టీవీఎస్ 50 మోపెడ్ ఇంజనంత అన్నమాట! పెట్రోలూ నూనే పోశాక పదిహేను పౌన్లకి దగ్గర పడుతుంది. పావుగంట మోస్తే చేతులు వణుకుతాయి. వణికే చేతులతో పట్టుకోవలసిన వస్తువు కాదది.

రెండోది నేను రుచి చూసిన ఎదురుతన్ను. దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. బార్ పైఅంచున గొలుసు మన నుంచి అవతలికి పరిగెడుతుంది, కొస చుట్టూ తిరిగి కింది అంచున మన వైపు వస్తుంది. కొసలో పైభాగం దేనికైనా తగిలి పళ్ళు పట్టుకుంటే, గొలుసు ముందుకు పోలేక బార్‌నే పైకీ వెనక్కీ, మన మీదకి విసురుతుంది. అందుకే కొస ఎక్కడుందో ఎప్పుడూ తెలియాలి. బార్ ఎంత పొడుగైతే కొస కంటికి అంత దూరం.

మూడోది పోషణ. పొడుగు గొలుసుకి పళ్ళెక్కువ, పదును పెట్టే పనీ ఎక్కువే. కొస నేలకి తగిలిందంటే మట్టికి పదును క్షణంలో పోతుంది. పోనీ చిన్న ఇంజనుకి పొడుగు బార్ తగిలిద్దామా అంటే, గొలుసుని లాగలేక ఇంజను ఆయాసపడుతుంది. ఏ ఇంజనుకి ఎంత బార్ వరకూ పెట్టచ్చో దాని పుస్తకంలోనే రాసి ఉంటుంది.

పెట్రోలా, బ్యాటరీనా?

ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేవాళ్ళకి 14, 16 అంగుళాల బ్యాటరీ రంపం మేలని నా అభిప్రాయం. పెట్రోలు రంపాల్లో చాలావాటికి 50కి 1 పాళ్ళలో నూనె కలపాలి, అంటే గాలనుకి 2.6 ఔన్సులు. ఇథనాల్ ఉన్న పెట్రోలు కలిపి నెలలు వదిలేస్తే కార్బురేటర్ జిగురు పట్టి, తీరా తుఫానొచ్చిన రోజున స్టార్ట్ అవ్వదు. బ్యాటరీకి ఆ గొడవ లేదు. కాకపోతే కరెంటు పోయిన రోజున చార్జింగ్ ఎలా? తుఫాను వార్త వినగానే రెండు బ్యాటరీలూ నింపి పెట్టుకోవాలి. తీగతో నడిచే ఎలక్ట్రిక్ రంపం చవకే గానీ, కరెంటు లేని రోజున అది అలంకారానికే!

ఏది కొన్నా బార్ మీద చెక్కిన మూడు అంకెలు రాసిపెట్టుకోండి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. కొత్త గొలుసు కొనేటప్పుడు మూడూ కలవాలి. మన సాఫ్ట్‌వేర్ వెర్షన్ల లాంటివే. ఒక్కటి తేడా వచ్చినా కుదరదు.

రంపంతో పాటు హెల్మెట్, మొహానికి జాలీ, చెవులకి మూతలు, గట్టి బూట్లు, తొడల మీద కట్టుకునే చాప్స్ కూడా కొనండి. చాప్స్‌లో ఉండే పీచు గొలుసుకి చుట్టుకుని దాన్ని ఆపుతుంది. బ్యాటరీ రంపాన్ని మాత్రం అన్ని చాప్సూ ఆపలేవు, కొనేముందు చీటీ చదవండి. లుంగీతో, హవాయి చెప్పులతో పెరట్లోకి దిగే అలవాటు ఈ ఒక్క పనికీ మానుకుందాం.

ఏ రంపానికీ అందని చెట్టు

మర్నాడు స్నేహితుడి 14 అంగుళాల బ్యాటరీ రంపం అరువు తెచ్చి, పైన్‌నీ పేర్‌నీ మధ్యాహ్నానికల్లా తేల్చేశాను. ఈసారి గాలిలో ఉన్న దుంగని ముందు పైనుంచి కొద్దిగా గాటు పెట్టి, మిగతాది కిందనుంచి కోశాను. బిగుసుకోలేదు. ఉత్సాహం వచ్చి ఓక్ వైపు చూశాను. తీగల మీద ఉన్న ఆ ఒక్క కొమ్మ తీసేస్తే పోతుంది కదా!

"ఎలాగూ కరెంటు లేదుగా నాన్నగారూ" అన్నాను.

"లైనులో కరెంటు లేదని ఎవరు చెప్పేరు నీకు? ఆ చప్పుడు వినబడుతోందా?"

వీధి చివర ఎవరిదో జనరేటర్ మోగుతోంది.

ఇంటి వైరింగుకి జనరేటర్‌ని తప్పుగా తగిలిస్తే కరెంటు వెనక్కి వీధి లైనులోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. హుద్‌హుద్ అప్పుడు వాళ్ళ జట్టులో ఒక కుర్రాడు చచ్చిన లైనే కదా అని పట్టుకున్నాడట. ఎక్కడో జనరేటర్ నడుస్తోంది. చెయ్యి పోయింది. ఇన్నేళ్ళలో నాన్నగారు నాకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కొమ్మ జోలికి పోలేదు. కరెంటు వాళ్ళొచ్చి తీగల సంగతి చూశారు. చెట్లు కొట్టే కంపెనీ వాళ్ళు ఓక్‌ని పైనుంచి ముక్కలుగా తాళ్ళతో దించారు. 28 అంగుళాల మొదలు కొయ్యడానికి వాళ్ళు తెచ్చిన రంపం కూడా నా 20 కన్నా పెద్దదేమీ కాదు. రెండు పక్కలనుంచీ కోశారు. తేడా రంపంలో లేదు, పట్టుకున్న చేతుల్లో ఉంది.

మా వృత్తిలో కెపాసిటీ ప్లానింగ్ అని ఒక మాట ఉంది. రోజువారీ పనికి సరిపడా యంత్రం కొనుక్కో, ఏడాదికొకసారి వచ్చే తాకిడికి అద్దెకి తెచ్చుకో అని దాని సారాంశం. అది క్లయింట్లకి చెప్పడానికి నాకు గంటకి ఇంత అని ఇస్తారు. నా పెరట్లో మాత్రం నాన్నగారు ఊరికే చెప్పాల్సొచ్చింది.

20 అంగుళాల రంపం అమ్మేసి, 14 అంగుళాల బ్యాటరీది కొన్నాను. గరాజ్‌లో దాని పక్కనే మేకుకి ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. అది నాన్నగారు తిరుగు ప్రయాణానికి ముందు తగిలించి వెళ్ళింది.