నొప్పి ఒకచోట, పుండు వేరొకచోట

1926 ఆగస్టు 15న న్యూయార్కులోని ఒక హోటలులో మూకీచిత్రముల నటుడు రుడాల్ఫ్ వాలెంటినో కుప్పకూలినాడు. వయస్సు 31 ఏండ్లు. లక్షణములు ఉండుకము, అనగా అపెండిక్సు, వాచినప్పటివలె నుండెను. శస్త్రచికిత్సలో జీర్ణకోశపు పుండు చిల్లుపడినట్లు బయటపడినది. 23వ తేదీన అతడు మరణించినాడు.

పుండు చిల్లుపడినప్పుడు సాధారణముగా బొడ్డుకు పైభాగమున కత్తితో పొడిచినట్లు నొప్పి పుట్టి, కడుపు చెక్కవలె బిగిసిపోవును. అంత స్పష్టముగా నున్నచో వైద్యునికి చిక్కే లేదు. కాని చిల్లునుండి కారిన ఆమ్లరసము ఒక్కొక్కప్పుడు పెద్దప్రేగు ప్రక్కగా జారి కుడి పొత్తికడుపున చేరును. నొప్పియు అచ్చటనే తోచును. ఉండుకముండునదియు అచ్చటనే! ఈ లక్షణములకే వైద్యులు వాలెంటినో పేరు పెట్టినారు. మరికొందరికి భుజము నొప్పి కలుగును. ఊపిరితిత్తులకు, కడుపునకు నడుమనున్న ఉదరవితానపు నాడియు, భుజపు చర్మనాడులును మెడలో ఒకే తావునుండి బయలుదేరుట దీనికి కారణము.

అన్నింటికంటె మోసకరమైనది ఉపశమనము. కొన్ని గంటలకు నొప్పి తగ్గినట్లుండును. ఇంటివారు దేవునికి దండము పెట్టుకొందురు. లోపల మాత్రము విషము వ్యాపించుచునే యుండును. వృద్ధులకును, స్టెరాయిడ్ మందులు వాడువారికిని మొదటి నొప్పియే అంతగా తెలియకపోవచ్చును.

కావున అనుమానము కలిగిన వైద్యుడు రోగిని నిటారుగా కూర్చుండబెట్టి ఛాతీకి ఎక్సరే తీయించును. ఉదరవితానము క్రింద నెలవంకవంటి నల్లని గాలిచార కనిపించినచో సందేహము తీరినట్లే. కనిపించనంతమాత్రమున చిల్లు లేదనరాదు, సి.టి. స్కాను కొద్దిపాటి గాలిని సైతము పట్టుకొనగలదు. వాలెంటినో నాటికి ఆ స్కాను లేదు. ఫ్లెమింగు పెన్సిలిన్‌ను గుర్తించినది 1928లో.